సీసాలు నడిచే దారి

సోడా బాగుండాలంటే నీళ్లు బాగుండాలి, గ్యాసు బాగుండాలి. ఇంతవరకూ అందరికీ తెలుసు. నింపిన సీసా అట్టపెట్టెలోకి చేరేదాకా దాన్ని ఎవరు మోయాలి, ఎలా మోయాలి అన్న ప్రశ్న మాత్రం యూనిట్ పెట్టేవాళ్లకు తప్ప ఇంకెవరికీ రాదు. కర్నూలు నుంచి కడపకు వెళ్లే దారిలో చిన్న సోడా యూనిట్ నడుపుకునే ఓ యజమానిని ఆ ప్రశ్న మూడు నెలలపాటు వేపుకు తినింది.

ఆయన ముందు మూడు కొటేషన్లున్నాయి. ఒకటి హైదరాబాద్ కంపెనీది. ఇంకొకటి బెంగళూరుది. మూడోది, మూతపడిన ఓ ఫ్యాక్టరీ సామాను కొని అమ్మే దళారీ ఇచ్చింది. మూడింటిలోనూ సీసా కడిగి, నింపి, మూత బిగించే యంత్రం ఇంచుమించు ఒకేలాంటిది. గంటకు 2,400 సీసాలు. దాని ధరలోనూ పెద్ద తేడా లేదు. తేడా అంతా కింద చిన్న అక్షరాల్లో ఉన్న 'కన్వేయర్' అన్న వరుస దగ్గరే వచ్చింది. ఒకాయన రాసిన దానికి ఇంకొకాయన రాసింది రెండున్నర రెట్లు!

రాయలసీమ వాళ్లకు కన్వేయర్ కొత్త మాటేం కాదు. ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీల పక్కనుంచి బస్సులో వెళ్లేవాళ్లకు సున్నపురాయిని మోసుకుపోయే రబ్బరు బెల్టులు కనపడుతూనే ఉంటాయి. ముద్దనూరు దగ్గరి థర్మల్ కేంద్రంలో బొగ్గుదీ అదే దారి. 2021లో ఓర్వకల్లు విమానాశ్రయం మొదలయ్యాక పెట్టెలు తిరిగే బెల్టు ముందు నిలబడ్డవాళ్లూ ఉన్నారు. అయితే రాయి బోర్లా పడినా రాయే. బొగ్గు పక్కకు ఒరిగినా బొగ్గే. పెట్టె తలకిందులైతే లోపలి బట్టలు నలుగుతాయి, అంతే. సీసా అలా కాదు. అది నిలబడే నడవాలి. ఒక్కటి పడిందంటే వెనకాల వచ్చేవి దాన్ని తన్నుకుని వరసగా పడిపోతాయి.

చక్రం తిప్పిన చేతులు

ఆయన తండ్రి గోలీసోడా కొట్టి ముగ్గురు పిల్లల్ని చదివించాడు. ఇంగ్లండులో హైరమ్ కాడ్ అనే ఆయన 1870ల మొదట్లో పేటెంటు తీసుకున్న సీసా అది. మెడలో గాజుగోలీ, దానిపైన రబ్బరు ఉంగరం. లోపలి గ్యాసే గోలీని పైకి నెట్టి మూతలా పట్టి ఉంచుతుంది. నింపే పద్ధతీ తమాషాగానే ఉంటుంది. రెండు మూడు సీసాల్ని ఇనుప చట్రంలో పెట్టి, గ్యాసు పట్టించి, చక్రాన్ని గిర్రున తిప్పాలి. సీసా తలకిందులవగానే గోలీ మెడలోకి జారి బిగుసుకుంటుంది. అక్కణ్నుంచి సీసాను మోసేది చెయ్యే. చేతి నుంచి చెక్కపెట్టెలోకి, పెట్టె నుంచి సైకిల్ క్యారేజీ మీదికి.

తండ్రి రోజుల్లో వేసవి వస్తే రెండే పానీయాలు. గోలీసోడా, నన్నారి. నల్లమల, శేషాచలం కొండల్లో దొరికే వేళ్లను తెచ్చి, దంచి, ఉడకబెట్టి తీసిన రసానికి చక్కెర పాకం చేర్చి సీసాల్లో పోసేవాళ్లు. ఆ షర్బత్తులో నిమ్మకాయ పిండి, సోడా కొట్టి తాగితే వడదెబ్బ దగ్గరికి రాదని సీమలో నమ్మకం. ఇప్పటికీ కర్నూలు, నంద్యాల, కడప బజార్లలో ఎండాకాలం బండ్లన్నీ దానిమీదే నడుస్తాయి.

కొడుకు అదే వ్యాపారాన్ని ప్లాస్టిక్ సీసాలోకి మార్చాడు. పెట్ సీసాలో సోడా, నిమ్మసోడా, నన్నారి షర్బత్తు. నింపేది చిన్న యంత్రం. మోసేది ఎనిమిదిమంది ఆడవాళ్లు. ఒకరు ఖాళీ సీసాలు అందిస్తారు, ఇద్దరు మూతలు చూస్తారు, ఇద్దరు లేబుళ్లు అంటిస్తారు, మిగతావాళ్లు పెట్టెల్లో సర్దుతారు. ఇలా పన్నెండేళ్లు గడిచాయి.

మార్చక తప్పని పరిస్థితి ఎందుకొచ్చింది? పక్క ఊరి దాకా పెద్ద కంపెనీ వచ్చేసింది కాబట్టి. కాంపా బ్రాండును 2022లో కొని, మర్నాటి వేసవిలో మళ్లీ బజారులోకి తెచ్చిన రిలయన్స్ సంస్థ, కర్నూలు జిల్లా ఓర్వకల్లులో 1,600 కోట్ల రూపాయలకు పైగా పెట్టుబడితో పానీయాల కర్మాగారం పెడతానంటే 2025లో రాష్ట్ర ప్రభుత్వం ఆమోదించింది. ఓర్వకల్లు, కొప్పర్తి పారిశ్రామిక కేంద్రాలకు అంతకు ముందు ఏడాది ఆగస్టులోనే కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. అంటే కర్నూలులో ఒకటి, కడపలో ఒకటి. సరిగ్గా ఆయన సరుకు అమ్ముకునే రెండు కొసల్లోనూ!

ఓర్వకల్లు మాట వినగానే పెద్దాయన నవ్వేశాడట. "వాళ్లు ఏనుగురా నాయనా. ఏనుగు మన సందులోకి రాదు. మనం సందు ఇడిసిపెట్టి మెయిన్ రోడ్డు మీదికి పోతేనే తంటా" అన్నాడు. కొడుక్కి ఆ ధీమా లేదు. రోజుకు ఇంకో వెయ్యి సీసాలు పోస్తే తప్ప ఖర్చులు గిట్టుబాటు కావని ఆయన భార్య లెక్క తేల్చింది. యూనిట్ ఖాతాలు చూసేది ఆవిడే. ఇంటి పత్రాలు బ్యాంకులో పెట్టడానికి సంతకం చేయాల్సిందీ ఆవిడే. చిన్న ఆహార యూనిట్ల కోసం కేంద్రం 2020లో మొదలుపెట్టిన పథకం కింద పెట్టుబడిలో 35 శాతం, 10 లక్షలు మించకుండా రాయితీ వస్తుంది. మిగిలింది అప్పే.

నిమిషానికి నలభై

గంటకు 2,400 అంటే నిమిషానికి 40 సీసాలు. లీటరు సీసా లావు సుమారు 8 సెంటీమీటర్లు. ఒకదానికొకటి ఆనుకుని నడిస్తే నిమిషానికి 320 సెంటీమీటర్లు, అంటే మూడు మీటర్ల చిల్లర. మధ్యలో సీసా అంత జాగా వదిలితే ఆరున్నర మీటర్లు. నడక నేర్చిన పసిపిల్లాడు కూడా అంతకన్నా త్వరగానే వెళతాడు. మరి ఇంత నెమ్మదిగా పోయే దానికి అంత ఖరీదెందుకని ఎవరికైనా అనిపిస్తుంది.

ఖరీదు వేగానికి కాదు, ఆగడానికి. లేబుల్ యంత్రంలో చుట్ట అయిపోయిందనుకుందాం. కొత్త చుట్ట ఎక్కించడానికి నిమిషం పడుతుంది. ఆ నిమిషంలో నింపే యంత్రం కూడా ఆగితే 40 సీసాలు పోయినట్లే. రోజులో గంటకు పదిహేనుసార్లు ఇలాంటి చిన్న చిన్న ఆటంకాలు వస్తే గంటకు 600 సీసాలు ఎగిరిపోతాయి. యంత్రం మీద 2,400 అని రాసి ఉంటుంది, చేతికొచ్చేది 1,800. అందుకే రెండు యంత్రాల మధ్య సీసాలు కాసేపు పోగుపడి నిలబడటానికి ఒక వెడల్పాటి బల్ల పెడతారు. లేబుల్ దగ్గర పని ఆగినా నింపేది ఆగదు. సీసాలు బల్ల మీద వేచి ఉంటాయి. అంతేకాదు, నింపే యంత్రానికి ముందూ వెనకా ఉన్నవి దానికన్నా పది పదిహేను శాతం ఎక్కువ వేగంతో పోగలగాలి. అప్పుడే పేరుకున్నవి కరుగుతాయి. పెళ్లి పంక్తిలో వడ్డించేవాళ్లు తినేవాళ్లకన్నా చురుగ్గా ఉండాలన్నంత మామూలు సూత్రం. కానీ ఖర్చు తగ్గించాలనుకున్న ప్రతివాడూ ముందు కొట్టేసేది ఆ బల్లనే. దళారీ కొటేషన్‌లో అది లేదు.

ఇక సీసా కాళ్ల కింద ఏం పరచాలన్నది రెండో పెద్ద ప్రశ్న. మూడు రకాలు ఆయన ముందుకొచ్చాయి. స్టెయిన్‌లెస్ స్టీలు పలకల గొలుసు. అలాంటిదే ప్లాస్టిక్ పలకలది. చిన్న చిన్న ప్లాస్టిక్ ముక్కల్ని కడ్డీలతో చాపలా అల్లిన బెల్టు. పలకల గొలుసు వెడల్పు మామూలుగా 82.5 మిల్లీమీటర్లు. వింత కొలతలా ఉంటుంది కానీ అది మూడుంపావు అంగుళాలే. మిల్లీమీటర్లలోకి మారినా అంగుళం వదలలేదు!

చాప అల్లిక బెల్టుకు మంచి కథ ఉంది. అమెరికాలోని లూసియానాలో రొయ్యల పొట్టు తీసే యంత్రాలు చేసే కుటుంబం ఒకటి, రొయ్యల తడికీ ఉప్పుకీ ఇనుప బెల్టులు తుప్పు పట్టిపోతుంటే విసిగి, 1970ల మొదట్లో ప్లాస్టిక్ ముక్కలతో దీన్ని చేసింది. ముక్క విరిగితే ఆ ముక్కే మార్చుకోవచ్చు. ఇవాళ సీసాలు, బిస్కెట్లు, టైర్లు అన్నీ దాని మీద పోతున్నాయి. నెల్లూరు, భీమవరం రొయ్యల ఫ్యాక్టరీల వాళ్లకు అది పాత చుట్టం.

గాజు సీసాలైతే స్టీలు గొలుసే నయం. పగిలిన గాజు నలుసు ప్లాస్టిక్‌లో దిగబడి కూర్చుని, తర్వాత వచ్చే ప్రతి సీసానూ గీరుతుంది. పెట్ సీసాలకు ప్లాస్టిక్ గొలుసు మెత్తగా ఉంటుంది, చప్పుడూ తక్కువ. అయితే సోడా సీసా అడుగు ఐదు రేకుల పువ్వులా ఉంటుంది కదా, ఆ కాళ్లలో ఒకటి అల్లిక సందులో చిక్కితే సీసా తూలుతుంది. కాబట్టి సోడాకు సందుల్లేని పలక కావాలి. నన్నారికేమో సందులున్న బెల్టు కావాలి. పాకం బొట్టు పడితే జిగట. జిగట పడితే చీమలు. సందులుంటే వేడినీళ్లు కొట్టి కడుక్కోవచ్చు. ఒకే లైను మీద రెండు సరుకులు పోయాలనుకున్న మనిషికి ఇదొక ధర్మసంకటం.

ఎండ లెక్క వేరు

కేటలాగులు రాసేవాళ్లు కర్నూలు మే నెలను చూసి రాయరు. గొలుసులకు వాడే ప్లాస్టిక్ వేడికి సాగుతుంది. చలికాలం తెల్లవారుజామున 15 డిగ్రీల దగ్గర బిగించిన గొలుసు, మే మధ్యాహ్నం రేకుల షెడ్డు కింద 45కి చేరితే, పది మీటర్ల ముక్క మూడు సెంటీమీటర్లకు పైగా పొడవవుతుంది. అదే పొడవున్న స్టీలు అర సెంటీమీటరే సాగుతుంది. మూడు సెంటీమీటర్లు ఎక్కువ కాదనిపిస్తుంది. కానీ ఆ వదులంతా కింది వైపు జోలెలా వేలాడి, పళ్లచక్రం మీద గొలుసు ఎగిరి పడితే పైన సీసా ఉలిక్కిపడుతుంది. నీళ్లు సగం నిండిన సీసా అయితే చెప్పక్కర్లేదు. లోపలి నీరే దాన్ని తోసేస్తుంది. బెంగళూరు ఇంజినీరును "మీ గొలుసు మా ఎండకు ఎంత సాగుతాది సార్?" అని అడిగితే ఆయన మొదట నవ్వి, తర్వాత లెక్క చూసి, వేలాడే జాగా పెంచుతూ బొమ్మ మార్చి పంపాడు. అడగడం మంచిదే.

దుమ్ము సంగతి ఇంకొకటి. ఖాళీ పెట్ సీసా ఇరవై పాతిక గ్రాముల బరువుంటుంది. దాన్ని గొలుసు మీద నిలబెడితే ఫ్యాను గాలికే పడిపోతుంది. అందుకని పెద్ద ఫ్యాక్టరీల్లో ఖాళీ సీసాల్ని మెడ దగ్గరి ఉంగరం పట్టి రెండు పట్టాల మధ్య వేలాడదీసి, వెనక నుంచి గాలి కొట్టి పంపుతారు. గాలి కన్వేయర్. గాల్లో తేలుతూ సీసాలు బారుగా వెళుతుంటే చూడ్డానికి భలే ఉంటుంది. హైదరాబాద్ కొటేషన్‌లో అన్నింటికన్నా ఖరీదైనది అదే. కానీ ఆ గాలి ఎక్కడిది? షెడ్డులోది. సిమెంటు లారీలు తిరిగే రోడ్డు పక్క షెడ్డులో గాలి ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? వడపోసే జాలీలు పెట్టాలి, వాటిని తరచూ మార్చాలి. పైగా పొడిగాలిలో ప్లాస్టిక్ సీసాకు విద్యుదావేశం ఎక్కి దుమ్మును అదే రమ్మని పిలుస్తుంది. కోస్తాలో తడిగాలి ఉండేచోట ఈ బాధ కాస్త తక్కువ.

ఆయన గాలి కన్వేయర్‌ను కొట్టేశాడు. ఖాళీ సీసాల్ని ఇద్దరు మనుషులు ఒక తిరిగే బల్ల మీద పెడితే అక్కణ్నుంచి యంత్రం అందుకుంటుంది. నిమిషానికి నలభై అంటే ఇద్దరికి అలవోకగా సాగే పని. తమాషా ఏమిటంటే, ప్రపంచంలో గంటకు 80 వేల సీసాల దాకా నింపే లైన్లు వేసే కంపెనీలు కూడా ఇప్పుడు చాలాచోట్ల గాలి కన్వేయర్‌ను తీసేస్తున్నాయి. సీసాను ఊదే యంత్రాన్నీ నింపే యంత్రాన్నీ పక్కపక్కనే అతికించేస్తే మధ్యలో మోసే పనే ఉండదు. కోట్లున్నవాడూ, కోట్లు లేనివాడూ వేర్వేరు కారణాలతో ఒకే చోటికి వచ్చారన్నమాట.

ఉప్పునీళ్ల ఉపాయం

ఈ మొత్తం వ్యవహారంలో ఆయన దాదాపుగా దెబ్బతినబోయింది మాత్రం గొలుసుతో కాదు, గొలుసు మీద చల్లే నీళ్లతో.

సీసాలు గొలుసు మీద ఆగినప్పుడు కింద గొలుసు నడుస్తూనే ఉంటుంది. అప్పుడు రాపిడి లేకుండా జారాలి. దానికి సబ్బు కలిపిన నీళ్లు బొట్లుబొట్లుగా పడేలా చేయడం పాత పద్ధతి. గంటకు 50 లీటర్లు పడుతుందనుకుంటే ఎనిమిది గంటల షిఫ్టుకు 400 లీటర్లు. ఇరవై నీళ్ల క్యాన్లు! ఎండాకాలం బోరు అడుగంటే నేల మీద, తాగడానికి కాదు, జారడానికి ఇరవై క్యాన్లు పారబోయడమంటే పెద్దాయనకు ప్రాణం ఒప్పలేదు. పైగా సీమ బోరునీళ్లలో సున్నపు లవణాలెక్కువ. సబ్బు వేస్తే నురగ రాదు, తెల్లటి తెట్టు కడుతుంది. ఇళ్లల్లో బట్టలుతికే ప్రతి ఆడమనిషికీ తెలిసిన సంగతే. ఆ తెట్టు గొలుసు సందుల్లో పేరుకుంటుంది.

అప్పుడు దళారీ ఓ ఉపాయం చెప్పాడు. ఆర్వో యంత్రం నుంచి వృథాగా బయటికి పోయే నీళ్లున్నాయి కదా, వాటినే గొలుసు మీదికి తిప్పండి, ఖర్చు లేదు అని. వినడానికి ఎంత ముచ్చటగా ఉంది! వృథానీరు వాడినట్లూ ఉంటుంది, డబ్బు మిగిలినట్లూ ఉంటుంది. పైపులు కూడా కొలిచారు.

ఆపింది బెంగళూరు ఇంజినీరే. ఆర్వో బయటికి నెట్టేసే నీళ్లలో బోరునీళ్లకన్నా ఎక్కువ లవణాలు, ఎక్కువ క్షారం ఉంటాయి. గ్యాసు నింపిన పెట్ సీసా లోపలి నుంచి ఒత్తిడితో బిగదీసుకుని ఉంటుంది. ఆ ఒత్తిడంతా అడుగున రేకుల మధ్య చేరుతుంది. అక్కడ క్షారపు నీళ్లు తడిసి ఆరితే ప్లాస్టిక్‌లో కంటికి కనపడని పగుళ్లు మొదలవుతాయి. లైను మీద ఏమీ తెలియదు. సీసా పెట్టెలోకి వెళుతుంది, లారీ ఎక్కుతుంది, ప్రొద్దుటూరులోనో జమ్మలమడుగులోనో ఏదో కిరాణా కొట్టు గుమ్మం ముందు ఎండలో నిలబడుతుంది. అక్కడ అడుగు పగిలి సోడా కారిపోతుంది. ఒక్కోసారి టప్పుమని పేలుతుంది. కొట్టువాడికి గొలుసు గురించి తెలియదు. 'వీళ్ల సోడా పేలుతుంది' అన్నదొక్కటే తెలుస్తుంది. చిన్న కంపెనీకి అంతకన్నా చావుదెబ్బ ఉండదు. నీళ్లసీసాలకు ఈ బెడద లేదు, గాజుకూ లేదు. గ్యాసు ఉన్న పెట్ సీసాకే.

చివరికి పొడి పద్ధతికి వెళ్లారు. సిలికాన్ లాంటి జారుడు పదార్థాన్ని నూనె రాసినట్లు పలచగా, ఎప్పుడో ఒకసారి గొలుసుకు పూస్తారు. నీళ్లుండవు, నేల తడవదు. ఆ మందు ఖరీదెక్కువ. కానీ నేల పొడిగా ఉండటం ఎంత లాభమో తర్వాత తెలిసింది. అంతకు ముందు ఏటా ఒకరిద్దరైనా కాలు జారి పడేవాళ్లు.

నేల ముచ్చట వచ్చింది కాబట్టి ఇంకొకటి. షెడ్డంతా కడపబండలు పరిచి ఉంది. మన జిల్లా రాయి, చవక, నునుపు. కానీ అది సున్నపురాయి జాతి. వంటింటి గట్టు మీద నిమ్మకాయ కోసి తుడవకుండా వదిలేస్తే తెల్లమచ్చ పడటం చూసే ఉంటారు. నిమ్మసోడా యంత్రం కింద రోజూ అదే జరుగుతుంది. ఏళ్లు గడిచేసరికి బండ గుంటలు పడుతుంది. కన్వేయర్ కాలు ఒకటి ఆ గుంటలో దిగితే లైను వాలుతుంది, వాలిన చోట సీసా పడుతుంది. అందుకని యంత్రం ఉన్నంత మేర బండలు లేపి, ఆమ్లాన్ని తట్టుకునే పూత వేయించాల్సి వచ్చింది. ఈ ఖర్చు ఏ కొటేషన్‌లోనూ లేదు!

మోటార్లను నేలకు దగ్గరగా పెట్టాలా, పైన పెట్టాలా అన్న చోట మాత్రం ఇంట్లో ఎవరికీ రెండో మాట లేదు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచినప్పుడు పాత షెడ్డులో నడుం ఎత్తు నీళ్లు నిలిచాయి. కొత్త షెడ్డు ఊరి బయట మెరక మీద ఉన్నా సరే, మోటార్లు, స్విచ్ బాక్సులు గొలుసు ఎత్తుకు పైనే ఉండాలని పెద్దాయన పట్టుబట్టాడు. ఇంజినీరు కారణమడిగితే గోడ మీద చెయ్యి పెట్టి ఎత్తు చూపించాడంతే.

ఎనిమిదిమంది

కన్వేయర్ వస్తే మనుషులు పోతారన్న మాట యూనిట్‌లో అందరికన్నా ముందు ఆడవాళ్లకే అర్థమైంది. మొదటి రెండు వారాలు ఎవరూ ఏమీ అడగలేదు. ఆ తర్వాత వాళ్లలో పెద్దామె అడిగింది. "మిషన్ వచ్చినంక మాలో ఎంతమందిని రావద్దంటావన్నా? ముందే చెబితే వేరే చోటు చూసుకుంటాం."

ఆయన దగ్గర వెంటనే జవాబు లేదు. నిజానికి కొటేషన్‌లో హైదరాబాద్ వాళ్లు 'ఆరుగురి జీతం ఆదా' అని రాశారు. పెట్టుబడి ఎన్నేళ్లలో తిరిగొస్తుందో ఆ ఆదా మీదే లెక్క కట్టారు. ఆయన భార్య మళ్లీ లెక్క వేసింది. ఖాళీ సీసాలు అందించడానికి ఇద్దరు. వెలుతురు పలక ముందు కూర్చుని నలుసుందా, నింపడం తక్కువైందా అని చూడటానికి ఇద్దరు, మధ్య మధ్య మారుతూ. పెట్టెల్లో సర్దడానికి ముగ్గురు. ఎనిమిదో మనిషికి గొలుసు శుభ్రం, మందు పూత, రోజువారీ పరీక్ష నేర్పితే మెకానిక్ కోసం కర్నూలు నుంచి కబురు పంపాల్సిన పని సగం తగ్గుతుంది. అలా ఎనిమిదీ సరిపోయింది. పెట్టుబడి తిరిగి రావడానికి మాత్రం రెండేళ్లు ఎక్కువ పడుతుంది. ఈ ఏర్పాటు దయతో చేశారనుకుంటే పొరపాటు. అమ్మకం పెరిగితేనే అది నిలుస్తుంది. ఓర్వకల్లు ఏనుగు సందులోకి వస్తే మళ్లీ లెక్క తిరగరాయాల్సిందే. ఆ సంగతి ఆవిడ పెద్దామెతో దాచకుండా చెప్పింది.

రెండో పట్టుదల కూడా ఆవిడదే. గొలుసు తిరిగి కిందికి దిగే చోట, పళ్లచక్రం దగ్గర, వేలు పడితే పోయినట్లే. చీరకొంగు, చున్నీ, జడ ఏది చిక్కినా మనిషిని లాగేస్తుంది. కదిలే యంత్రభాగాలకు కంచె ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. దళారీ సామానులో ఆ మూతలు ఎప్పుడో ఊడిపోయాయి. "కవర్లు ఉంటే కడగడం కష్టం మేడమ్, అందరూ తీసేస్తారు" అని అతను సర్దిచెప్పబోయాడు. ఆవిడ కాగితం వెనక్కి తోసేసింది. పాత సామాను బేరం అక్కడే ముగిసింది. కొత్త లైనుకు రెండు వైపులా మూతలు, లాగితే అంతా ఆగిపోయే ఎర్రతాడు ఈ కొస నుంచి ఆ కొస దాకా పెట్టించారు. ఆ తాడు వెల మొత్తం ఖర్చులో ఎంతో తెలిస్తే ఇన్ని చోట్ల అది ఎందుకుండదో అర్థం కాదు.

చివరికి తేలింది ఇదీ. బెంగళూరు వాళ్ల ప్లాస్టిక్ పలకల గొలుసు సోడాకు. నన్నారికి వేరే లైను పెట్టలేక, నింపే చోట మాత్రం మూడు మీటర్ల అల్లిక బెల్టు, కడగడానికి వీలుగా. గాలి కన్వేయర్ లేదు. సీసాలు ఆగే బల్ల ఉంది. పెట్టెలు మోయడానికి మోటారు బెల్టు బదులు వాలుగా పెట్టిన మామూలు రోలర్లు. పెట్టె బరువుకు అదే జారుకుంటూ గుమ్మం దాకా వెళుతుంది. కరెంటు పోయినా పనిచేసేది అదొక్కటే.

వాలు మీద సరుకు పంపడం ఈ దారికి కొత్త కాదు. 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ కర్నూలు నుంచి కడపకు కాలువ తవ్వింది పొలాలకే కాదు, పడవలకు కూడా. సుమారు 300 కిలోమీటర్ల నీటిదారి. కంపెనీకి అది గిట్టలేదు. 1882లో ప్రభుత్వం కొనేసింది. పడవలు ఎప్పుడో ఆగిపోయాయి, కె.సి. కాలువ కింద వరి మాత్రం పండుతోంది. పెద్దాయన ఆ మాట చెప్పి, "అది కూడా కన్వేయరే కదరా, మోటారు లేదంతే" అంటాడు.

గోలీసోడా చక్రాన్ని మాత్రం అమ్మలేదు. 2025 మార్చిలో మన గోలీసోడా అమెరికా, బ్రిటన్, గల్ఫ్ దేశాలకు ఎగుమతి అవుతోందని అపెడా ప్రకటించినప్పుడు కొడుకు ఆ వార్త చదివి వినిపించాడు. దానికీ ఒక లైను పెడితే ఎలా ఉంటుందని అడిగాడు. గాజు సీసా, స్టీలు గొలుసు, మళ్లీ వేరే లెక్క. పెద్దాయన ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు.

లైను జనవరిలో బిగించారు. మొదటి వారం సీసాలు పడ్డాయి, ముఖ్యంగా ఒక గొలుసు మీంచి ఇంకో గొలుసు మీదికి మారే మలుపులో. పక్క పట్టీలను రెండు మిల్లీమీటర్లు దగ్గరికి జరిపాక తగ్గాయి. మార్చి చివర్లో గొలుసు కింద జోలె పెరిగింది. శుభ్రం చూసే ఆమె గమనించి చెబితే, ఫోన్లో ఇంజినీరు చెప్పినట్టు ఒక లింకు ఊడదీసి మళ్లీ కలిపారు. ఊడదీసిన ఆ ముక్కను ఆమె పారేయలేదు. స్విచ్ బాక్సు పక్కన మేకుకు తగిలించి, కింద చాక్‌పీసుతో 'డిసెంబరు' అని రాసింది.